విమానం ఎక్కే లోపే మార్చాల్సిన ఖాతాలు: ఒక కోనసీమ దంపతుల కేసు

నేపథ్యం

ఇది కోనసీమలో ఒక ఊరి దంపతుల కేసు. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు, ఊరు, బ్యాంకులు చెప్పడం లేదు. మొత్తాలు కొన్ని మార్చాను, కానీ మారిస్తే తర్కం దెబ్బతినే చోట ముట్టుకోలేదు.

డెల్టాలో చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేసే నా దగ్గరికి ఇలాంటివాళ్లు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు. ఇదివరకు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు ఆరు నెలలుండి వచ్చేసేవారు. పాస్‌బుక్కులు బీరువాలో ఎక్కడివక్కడే ఉండేవి. ఇప్పుడు పిల్లలు సిటిజన్లు అయ్యాక తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు పెడుతున్నారు. అంటే ఉండిపోవడానికే వెళ్తున్నారు. ఈ రెండు ప్రయాణాలకీ సూట్‌కేసులు ఒకటే కావచ్చు, బ్యాంకు లెక్క మాత్రం ఒకటి కాదు.

పెద్దాయనకి 68 ఏళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది. ఆవిడకి 63. ఇంటి లెక్కలన్నీ ఆయనే చూసుకునేవారు. ఆవిడ పేరన డిపాజిట్లు ఉన్నాయి గానీ, ఆవిడ స్వయంగా చెక్కు మీద సంతకం పెట్టిన సందర్భం లేదు. ఒక్కతే కూతురు, అమెరికా తూర్పు తీరంలో స్థిరపడింది. ఊళ్లో ఆయన తమ్ముడి కొడుకు ఉన్నాడు. నెమ్మదస్తుడు, పెదనాన్న అంటే ప్రాణం. పక్క వీధిలో పెద్దాయన అక్కగారు ఉన్నారు. భర్త పోయి చాలా కాలమైంది, నెలనెలా ఆవిడ మందులకీ ఖర్చులకీ ఈయనే ఇస్తారు.

ఆస్తులు మన ప్రాంతంలో ఎవరికైనా ఉండే తరహాలోనే ఉన్నాయి. ఐదు చోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అందులో ఒకటి సహకార బ్యాంకు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు. పదకొండు లక్షల దాకా మ్యూచువల్ ఫండ్లు. ఊళ్లో ప్రాంసరీ నోట్ల మీద తిరుగుతున్న డబ్బు తొమ్మిది లక్షలు. కౌలుకిచ్చిన చిన్న చేను, కొబ్బరి తోట, ఇల్లు, లాకర్‌లో బంగారం.

ఏం అడగడానికి వచ్చారు

2023 వేసవి ఆఖర్లో వచ్చారు. అప్పటికి కూతురు పెట్టిన పిటిషన్ ముందుకెళ్లి, వీసా ఇంటర్వ్యూ కోసం చూస్తున్నారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. "ఆడిటర్ గారూ, వెళ్లేముందు ఎఫ్‌డీలన్నీ ఎక్కడ వేస్తే వడ్డీ ఎక్కువొస్తుందండీ?"

మిగతావన్నీ ఆయన అప్పటికే సర్దేసుకున్నారు. ఏటీఎం కార్డు, పిన్ నంబరు, బ్యాంకుతో కలిపిన సిమ్ వేసిన ఫోను తమ్ముడి కొడుక్కి ఇచ్చేయాలనుకున్నారు. ఓటీపీ వస్తే వాడే కొడతాడు, ఎవరికి ఎంత ఇవ్వాలో ఫోన్‌లో చెప్తే వాడే ఇస్తాడు. ఖాతాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. వెళ్తున్న సంగతి బ్యాంకుకి చెప్తే లేనిపోని టెన్షన్ అని ఎవరో చెప్పారట.

మన దగ్గర చాలామంది చేసేది ఇదే. అందుకే ముందు ఈ ఏర్పాటు ఎందుకు నిలబడదో వివరించాను. విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే ఫెమా, రోజులు లెక్కపెట్టదు. ఎంతకాలమో తెలియకుండా బయట ఉండిపోయే ఉద్దేశంతో దేశం దాటితే, దాటిన రోజు నుంచే ప్రవాసి కింద లెక్క. ఆ తర్వాత మామూలు సేవింగ్స్ ఖాతా నడపకూడదు, దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసులు ఇక్కడి రూపాయల ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాగా మార్పించాలి. ఆదాయపు పన్ను చట్టానిది మరో లెక్క. అది ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడున్న రోజులు చూస్తుంది. వీళ్లు 2024 ఫిబ్రవరిలో వెళ్తే, 2023-24కి పన్ను విషయంలో ఇక్కడి నివాసులే, ఫెమా ప్రకారం మాత్రం ఫిబ్రవరి నుంచే ప్రవాసులు. ఈ రెండూ ఒకటే అనుకుని "ఇంకా 182 రోజులు కాలేదు కదా" అని ఆగిపోయినవాళ్లని చాలామందిని చూశాను.

కార్డు, పిన్ను ఇంకొకరికి ఇవ్వడం గురించి ఒక్కమాటే చెప్పాను. కుర్రాడు ఎంత మంచివాడైనా, రేపు ఆ ఖాతాలో ఏదైనా మోసం జరిగితే బ్యాంకు ముందు మీ మాట చెల్లదు, వాడి మాట అసలే చెల్లదు. వాడి మంచితనాన్ని వాడికే ప్రమాదం చెయ్యకండి అన్నాను. ఆ మాట ఆయనకి తగిలింది.

పక్కన పెట్టిన దారులు

కూతురి భర్త ఫోన్‌లో ఒక సలహా ఇచ్చాడు. మొత్తం డబ్బు కూతురి పేరుకి మార్చేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని. కాగితం మీద తేలికైన దారే. కానీ 68 ఏళ్ల మనిషి తన పేరన రూపాయి లేకుండా కొత్త దేశంలో దిగడం నాకు సమ్మతం కాలేదు. పిల్లలు మంచివాళ్లే, ఇక్కడ అనుమానానికి తావు లేదు. అయినా ఊళ్లో అక్కగారికి నెలకి నాలుగు వేలు పంపాలన్నా కూతుర్ని అడగాల్సి రావడం ఆయనకి ఎలా ఉంటుంది? పెద్దాయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ మాటకి మాత్రం "వద్దండీ, ఆయన అడగలేరు" అన్నారు. దాంతో ఆ దారి మూసేశాం.

పోస్టాఫీసు స్కీము 2023 నవంబర్‌లో ముగుస్తుంది. మూడేళ్లు పొడిగిస్తే 8.2 శాతం వడ్డీ. ఆయనకి ఆశ పుట్టింది, ఎవరికైనా పుడుతుంది. కానీ అది ప్రవాసులు తెరవడానికి వీల్లేని పథకం. మూడు నెలల్లో ఉండిపోవడానికి వెళ్తున్నామని తెలిసి పొడిగించడం ఎందుకు? మధ్యలో ముయ్యాల్సి వస్తే ఎవరు వచ్చి సంతకం పెడతారు? వడ్డీ తేడా కంటే ఆ చిక్కు పెద్దదని తేల్చి, ముగిసిన రోజునే తీసేశాం.

డబ్బంతా ప్రయాణానికి ముందే పంపేయాలా అన్నది మరో చర్చ. ఇక్కడ నివాసిగా ఉండగా పంపితే 2023 అక్టోబర్ నుంచి ఏడాదికి మనిషికి 7 లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను పట్టుకునేది. రిటర్న్‌లో తిరిగొస్తుంది గానీ, అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. ప్రవాసి అయ్యాక ఎన్‌ఆర్‌ఓ నుంచి పంపితే ఆ కోత లేదు, పన్ను కట్టిన సొమ్ము ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. అందుకని దిగగానే కావాల్సిన ఖర్చుకి ఇద్దరూ చెరో 7 లక్షల లోపు పంపి, మిగతాది ఇక్కడే ఉంచాం.

దిగగానే ఖర్చు అంటే ముఖ్యంగా వైద్యం. గ్రీన్ కార్డు వచ్చినంతమాత్రాన 65 దాటినవాళ్లకి మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా రాదు. అక్కడ పని చేసిన చరిత్ర లేనివాళ్లు ఐదేళ్లు వరసగా నివసించాకే డబ్బు కట్టి అందులో చేరగలరు. ఈలోపు ప్రైవేటు బీమా కొనాలి. కూతురు ఈ సంగతి ముందే కనుక్కుని ఉంచింది, మెచ్చుకున్నాను.

బయల్దేరే లోపు చేసినవి

అన్నిటికంటే ముందు అమెరికా పన్ను సంగతి చూశాం. గ్రీన్ కార్డుతో దిగిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నైనా అక్కడ చూపించాలి. ఇక్కడ పన్ను లేనిదానికి అక్కడా ఉండదని మనవాళ్లు అనుకుంటారు. కొబ్బరి తోట ఆదాయం మీద మన దగ్గర ఆదాయపు పన్ను లేదు, అక్కడ ఉంది. మున్సిపాలిటీలకి దూరంగా ఉన్న పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే మన చట్టంలో క్యాపిటల్ గెయిన్స్ పన్ను రాదు, అక్కడ వస్తుంది. పైగా ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి అక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు. భారతీయ మ్యూచువల్ ఫండ్లని వాళ్లు ప్రత్యేకమైన, కఠినమైన నియమాల కింద చూస్తారు. ఒక్కో ఫండ్‌కీ విడిగా ఫారం నింపాలి. కూతురికి తెలిసిన అమెరికా పన్ను నిపుణురాలితో వీడియో కాల్ పెట్టించి ఇవన్నీ ఆవిడ నోటనే చెప్పించాను. అది నా చట్టం కాదు, అక్కడి లెక్క అక్కడివాళ్లే చెప్పాలి.

దాన్నిబట్టి మ్యూచువల్ ఫండ్లు మొత్తం డిసెంబర్‌లో అమ్మేశాం. లాభం 4.6 లక్షలు. అప్పటి నియమం ప్రకారం లక్ష మినహాయించి మిగతాదాని మీద 10 శాతం, సెస్సుతో కలిపి 37,440 రూపాయలు. "అనవసరంగా పన్ను కడుతున్నామేమో" అని పెద్దాయన బాధపడ్డారు. అక్కడ దిగాక అమ్మితే కొన్నప్పటి నుంచి వచ్చిన లాభమంతా అక్కడి లెక్కలోకి పోతుంది, దాని ముందు ఇది చిన్న మొత్తం అని అంకెలు వేసి చూపించాను.

చేను దగ్గర మాత్రం లెక్క ఒక్కటే చాలదు. ఆయన ఉద్దేశం రెండు మూడేళ్లలో చేను అమ్మి, తోట ఉంచుకోవడం. తోటలో తాతగారు వేసిన చెట్లున్నాయి. ఎప్పటికైనా తిరిగొచ్చి ఉండాలన్న ఆశ కూడా ఉంది. ఎలాగూ అమ్మేదైతే చేను ఇప్పుడే అమ్మండి, ఉంచుకునేది మనసారా ఉంచుకోండి అన్నాను. ఇంకో సంగతి, ప్రవాసి అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఉన్నది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడి నివాసికే అమ్మాలి. చేను పోతే మళ్లీ చేను రాదని తెలిసే నిర్ణయం తీసుకున్నారు. కొనేవాళ్లు పుష్యంలో రిజిస్ట్రేషన్ వద్దన్నారు, కాబట్టి కార్తీకంలోనే ముగించాం.

కొనుగోలుదారు సగం నగదు ఇస్తామన్నాడు. మన దగ్గర ఇది మామూలు మాట అయిపోయింది. నేను ఒప్పుకోలేదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. అది పక్కన పెట్టినా, రేపు ఎన్‌ఆర్‌ఓ నుంచి డబ్బు పంపేటప్పుడు ఇది ఎక్కడిదో చూపించమని బ్యాంకూ అడుగుతుంది, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే నేనూ అడగాలి. బ్యాగులో వచ్చిన డబ్బు సముద్రం దాటదు. ధర కొంచెం తగ్గించుకుని మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకున్నారు.

ప్రాంసరీ నోట్లు అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నాయి. నోటుకి కాలపరిమితి మూడేళ్లు. ఆ లోపు బాకీదారు వాయిదా కట్టి నోటు వెనక రాసి సంతకం పెట్టాలి, లేదా కొత్త నోటు రాయాలి, లేదా కోర్టుకి వెళ్లాలి. ఊళ్లో ఉంటే సాయంత్రం అరుగు మీద కూర్చుని తెచ్చుకునే సంతకం అది. అమెరికా నుంచి తెచ్చుకోలేరు. నోట్లన్నీ బల్ల మీద పరిచి తేదీల వారీగా పేర్చాం. వసూలైనంత వసూలు చేశారు. ఇద్దరు కట్టలేమంటే వడ్డీ వదిలేసి అసలుకి ఒప్పుకోమన్నాను. ఒక నోటు అప్పటికే గడువు దాటిపోయింది. అతను పెద్దమనిషి, ధాన్యం అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చాడు. ఇంకొకటి మిగిలింది.

ఐదు బ్యాంకులని రెండుకి తగ్గించాం. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి 5 లక్షలే కాబట్టి పంచి పెట్టానని పెద్దాయన వాదన. అందులో న్యాయం ఉంది. సహకార బ్యాంకు విషయంలో ఆ భయమే మమ్మల్ని ముందు అక్కడి డబ్బు తీయించింది. కానీ దూరంగా ఉన్న మనిషికి ఐదు చోట్ల కేవైసీ, ఐదు పాస్‌వర్డులు, ఐదు చోట్ల సంతకాలు అంటే అదీ ఒక నష్టమే. రెండు పెద్ద బ్యాంకులు చాలనుకున్నాం. వాటిని మొదటి బ్యాంకు, రెండో బ్యాంకు అందాం. లాకర్ మొదటి బ్యాంకులో ఇద్దరి పేరనా ఉంచి, కొత్త ఒప్పందం మీద సంతకాలు చేశారు.

ఖాతా ఎవరి పేరన, ఎలా

ఈ కేసు రాయడానికి కారణం ఈ భాగమే.

పెద్దాయన ఖాతాలు కొన్ని ఆయన ఒక్కరి పేరనే ఉన్నాయి, కొన్ని తమ్ముడి కొడుకుతో కలిపి ఉన్నాయి. ఎన్‌ఆర్‌ఓ అయ్యాక ఇక్కడి నివాసితో ఉమ్మడి ఖాతా ఉండాలంటే "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలోనే ఉండాలి. మొదటి పేరున్న మనిషి బతికి ఉన్నంతకాలం ఆయనే నడపాలి, రెండో వ్యక్తి చేతికి అది ఆయన తర్వాతే వస్తుంది. దీనికి తోడు తమ్ముడి కొడుకు పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి రిజిస్టర్ చేయిస్తే సరిపోతుందని కుటుంబం అనుకుంది. ఇక్కడి చెల్లింపులకి అది పనికొస్తుంది కూడా.

అప్పుడు పెద్దాయనని ఒక ప్రశ్న అడిగాను. మీరు బాగుంటే అంతా మీరే చూసుకుంటారు. మీ తర్వాత నామినేషన్ ఉంది, సర్వైవర్ ఉన్నారు. ఈ రెండిటి మధ్యలో, మీరుండీ సంతకం పెట్టలేని స్థితి వస్తే?

ఇలాంటి మాట పెద్దవాళ్లతో అనడం కష్టం. అపశకునం అనుకుంటారు. కానీ అడగక తప్పదు. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా ముగిసిపోతుందని మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్తుంది. అవసరం వచ్చిన రోజునే చేతిలో ఉన్న కాగితం బలం పోతుందన్నమాట. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" ఖాతాలో రెండో మనిషికి ఆయన బతికుండగా హక్కు లేదు. నామినీకి అసలే లేదు. అప్పుడిక హైకోర్టుకి వెళ్లి గార్డియన్‌గా నియమించమని అడుక్కోవాలి.

దీనికి జవాబు పక్క కుర్చీలోనే ఉంది. భార్యాభర్తలిద్దరూ ప్రవాసులే అవుతున్నారు కాబట్టి వాళ్లిద్దరి ఉమ్మడి ఎన్‌ఆర్‌ఓ ఖాతా "ఈదర్ ఆర్ సర్వైవర్"గా ఉండొచ్చు. ఇద్దరిలో ఎవరైనా, ఎప్పుడైనా నడపొచ్చు. పెన్షన్ ఖాతాతో సహా అన్నీ అలా మార్చమన్నాను.

"ఆవిడకేం తెలుసండీ" అన్నారాయన. చులకనగా కాదు, ఆవిడకి శ్రమ ఎందుకని.

తెలిసేలా చేద్దామన్నాను. ఆవిడ ఫోన్‌లోనే, ఆవిడ యూజర్ ఐడీతోనే నెట్ బ్యాంకింగ్ పెట్టించాం. ఆ తర్వాతి నెలల్లో కరెంటు బిల్లు, అక్కగారి నెల డబ్బు, పాల లెక్క అన్నీ ఆవిడే పంపారు. మొదట్లో నా ఆఫీసులో కూర్చుని, మా అమ్మాయి పక్కన ఉండగా పంపేవారు. తర్వాత ఇంటి నుంచే. ఒకసారి తప్పు ఖాతాకి రెండు వందలు వెళ్లాయని కంగారుగా ఫోన్ చేశారు. అంత చిన్న మొత్తంతో అక్కడే నేర్చుకున్నందుకు నేను సంతోషించాను.

ఆగిపోయిన చోటు

మొదటి బ్యాంకులో అన్నీ అనుకున్నట్టు జరిగాయి. రెండో బ్యాంకులో ఆవిడ పేరు అడ్డొచ్చింది. పెళ్లైన కొత్తలో తెరిచిన పాత ఖాతా అక్కడ ఆవిడ పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. పాన్‌లో ఇనిషియల్ మాత్రమే, ఆధార్‌లో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. పాన్ దిద్దుబాటు పూర్తయి, రెండు కస్టమర్ రికార్డులు కలిపితేగానీ ఉమ్మడి పేరు చేర్చబోమన్నారు. ఈలోపు వీసా మీద ఉన్న తేదీ దగ్గర పడింది. ఆ లోపు దిగాల్సిందే. సంక్రాంతి చేసుకుని, ఫిబ్రవరి ఆఖర్లో వెళ్లిపోయారు. రెండో బ్యాంకులో ఆయన ఒక్కరి పేరన 18 లక్షల డిపాజిట్లు, ఒక సేవింగ్స్ ఖాతా, దాని మీద తమ్ముడి కొడుక్కి పవర్ ఆఫ్ అటార్నీ అలాగే ఉండిపోయాయి. అక్కగారి డబ్బు ఆ ఖాతా నుంచే వెళ్లేలా పెట్టుకున్నారు.

మొదటి ఏడాది సాఫీగా నడిచింది, పన్ను కోత మినహా. ఆవిడ డిపాజిట్ల మీద వడ్డీ ఏడాదికి లక్ష దాటదు. ఇక్కడున్నన్నాళ్లూ 15హెచ్, అంటే పన్ను కోయొద్దని పెద్దవాళ్లు బ్యాంకుకి ఇచ్చే ఫారం ఇస్తే కోత లేదు. ప్రవాసి 15హెచ్ ఇవ్వకూడదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే సెస్సుతో 31.2 శాతం కోస్తారు. అమెరికాతో ఉన్న ఒప్పందం ప్రకారం అది 15కి తగ్గుతుంది గానీ, దానికి అక్కడి నివాస ధ్రువపత్రం కావాలి. అది మొదటి ఏడాది చేతికి రాలేదు. రిటర్న్ వేసి మొత్తం వెనక్కి తెప్పించాం. పెన్షన్‌కి నవంబర్‌లో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ భారత కాన్సులేట్‌లో పూర్తి చేసుకున్నారు.

ఇంకో విషయం అక్కడి పన్ను నిపుణురాలు పట్టుకుంది. అమెరికా పన్ను నివాసికి బయటి దేశాల ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ అనే నివేదిక ఇవ్వాలి. వీళ్లిద్దరికీ అది తెలుసు. కానీ ఎప్పుడో కూతురి పేరు కూడా ఒక డిపాజిట్‌లో చేర్చారు. ఆ అమ్మాయి అది నాన్నగారి డబ్బు కదా అనుకుని తన నివేదికలో ఎప్పుడూ చూపలేదు. ఉమ్మడి పేరు ఉంటే చాలు, చూపాల్సిందే. ఆలస్యంగా దాఖలు చేయడానికి అక్కడ ఉన్న పద్ధతిలో సరిచేసుకుంది.

2025 జనవరిలో పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి.

పనిచేసినది, పనిచేయనిది

బీమా ఉన్నా తమ వాటా కింద కట్టాల్సింది, తర్వాత ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి అయ్యేది కలిపి పెద్ద మొత్తమే. ఆవిడ మొదటి బ్యాంకు నుంచి పంపాలి. రాత్రి ఇక్కడి సమయం చూసుకుని నాకు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది గానీ ఏం కావాలో తడుముకోకుండా చెప్పారు. ఏ డిపాజిట్ తీయాలో, మిగతావి ఎప్పుడు ముగుస్తాయో అన్నీ నోటికి చెప్పారు. డిపాజిట్ ఆవిడే నెట్‌లో మూసేశారు. సొమ్ము ఎక్కడిదో చూపే కాగితాలు, చేను అమ్మకం దస్తావేజు, పన్ను కట్టిన ఆధారాలు నా ఫైల్లో ముందే ఉన్నాయి కాబట్టి విదేశానికి పంపే డబ్బు మీద పన్ను సంగతి ఆడిటర్ ధ్రువీకరించే 15సీబీ సర్టిఫికెట్ వెంటనే ఇచ్చాను, పంపేవాళ్లు ఇవ్వాల్సిన ప్రకటన 15సీఏ దాఖలైంది. బ్యాంకు అడిగినవన్నీ ఆవిడ సంతకంతోనే నడిచాయి. పెద్దాయన సంతకం ఒక్కచోటా అవసరం పడలేదు. పెన్షన్ కూడా ఆ ఖాతాలోనే పడుతోంది కాబట్టి ఆవిడ చేతికి అందింది.

రెండో బ్యాంకు సంగతి వేరు. తమ్ముడి కొడుకు నా దగ్గరికి వచ్చాడు. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా, ఆ డబ్బు తీసి మొదటి బ్యాంకులో వేసేస్తాను, పెద్దమ్మకి పనికొస్తుంది అన్నాడు. బ్యాంకుకి పెద్దాయన పరిస్థితి తెలియదు. కాగితం చూపిస్తే ఇచ్చేస్తారు. "పెదనాన్న డబ్బు పెదనాన్నకే కదండీ వెళ్లేది" అన్నాడు. అతని మాటలో కల్మషం లేదు.

అయినా వద్దన్నాను. మాట పడిపోవడం, మతిస్థిమితం పోవడం ఒకటి కాదు. ఆయన వింటున్నారు, తలూపుతున్నారు, డాక్టర్లు మెరుగవుతారంటున్నారు. కాబట్టి అధికారం చట్టరీత్యా బతికే ఉందని వాదించొచ్చు. కానీ వాదించాల్సిన చోట ఉన్న కాగితంతో 18 లక్షలు తీస్తే, రేపు ఏ బంధువైనా వేలెత్తి చూపితే నిరూపించుకోవాల్సింది ఈ కుర్రాడే. డబ్బు అంత అత్యవసరమా అంటే, కాదు. మొదటి బ్యాంకు నుంచి అవసరం తీరింది. అవసరం తీరిన తర్వాత కూడా అనుమానం ఉన్న కాగితం వాడడంలో అర్థం లేదు. మొదటి బ్యాంకు లేకపోయి ఉంటే నా సలహా ఇంత తేలిగ్గా ఉండేది కాదు. అప్పుడు డాక్టర్ సర్టిఫికెట్‌తో బ్యాంకుకి ఉన్న సంగతి చెప్పి, వాళ్ల అంగీకారంతోనే కదలమనేవాణ్ని.

అక్కగారి నెల డబ్బు మాత్రం ఆగకూడదు. ఆ నెల నుంచి ఆవిడే మొదటి బ్యాంకు నుంచి నేరుగా అక్కగారి ఖాతాకి పంపడం మొదలుపెట్టారు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఇక్కడి బంధువులకి రూపాయల్లో ఇవ్వడానికి ఇబ్బంది లేదు.

రెండో బ్యాంకు డిపాజిట్లు ముగిసి, వాటంతటవే రెన్యువల్ అయ్యాయి. ప్రవాసుల డిపాజిట్లకి సీనియర్ సిటిజన్ అదనపు వడ్డీ ఉండదు కాబట్టి రేటు తగ్గింది. కొన్ని నెలల చికిత్స తర్వాత పెద్దాయన ఎడమ చేత్తో గుర్తు పెట్టగలిగారు, అడిగినదానికి అవును కాదు స్పష్టంగా చెప్పగలిగారు. అప్పుడు కాన్సులేట్‌కి తీసుకెళ్లి, అధికారి ఎదుట, ఆవిడని ఉమ్మడి ఖాతాదారుగా చేర్చమన్న లేఖ మీద వేలిముద్ర వేయించి ధ్రువీకరణ తీసుకున్నారు. డాక్టర్ లేఖ జతచేశారు. ఈలోపు ఆవిడ పాన్, పాస్‌పోర్టు పేర్లు ఒకటయ్యాయి. బ్యాంకు మొదట ఒప్పుకోలేదు, పై ఆఫీసుకి రాసింది. 2025 ఆఖరికి పని పూర్తయింది. మొదటి బ్యాంకులో ఒక ఫోన్ కాల్‌తో జరిగిన పనికి ఇక్కడ ఏడాది దగ్గర పట్టింది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట వడ్డీ రేట్లు తీయను. ఇద్దరి పాస్‌పోర్టు, పాన్, ఆధార్, ప్రతి పాస్‌బుక్కు బల్ల మీద పెట్టించి పేర్లు అక్షరం అక్షరం చూస్తాను. ముఖ్యంగా ఆడవాళ్లవి. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, ఇనిషియల్, ఇన్నిటి మధ్య వాళ్ల డబ్బు చిక్కుకుంటుంది. దిద్దుబాట్లకి నెలలు పడుతుంది. కాబట్టి కూతురో కొడుకో పిటిషన్ పెట్టిన రోజే ఇది మొదలవ్వాలి, వీసా వచ్చాక కాదు.

పవర్ ఆఫ్ అటార్నీని ఇప్పటికీ రాయిస్తాను. కౌలు ఒప్పందానికీ, పన్ను రసీదులకీ, ఇంటి మరమ్మతుకీ అది కావాలి. ఇక్కడుండగానే రాయించడం మంచిది. బయట రాస్తే కాన్సులేట్ ధ్రువీకరణ కావాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. కానీ ఇంటికి ఆధారమైన డబ్బుని దాని మీద నిలబెట్టను. ఆ డబ్బు ఇద్దరిలో ఎవరైనా నడపగల ఖాతాలోనే ఉండాలి. ఇద్దరిలో లెక్కలు తక్కువ తెలిసినవాళ్లు ప్రయాణానికి ముందే ఆ ఖాతాని కొన్ని నెలలు సొంతంగా నడిపి ఉండాలి. చూపించడం, చెప్పడం సరిపోవు. వాళ్ల ఫోను, వాళ్ల వేలు ఉండాలి.

ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాసులు విదేశీ సంపాదన వేసుకునేది) వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అందులోకి మార్చేద్దామా అని అమెరికా వెళ్లేవాళ్లు తరచూ అడుగుతారు. ఆ వడ్డీకి అక్కడ పన్ను ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల సలహా అమెరికా వెళ్లేవాళ్లకి సరిపోదు. ఏ దేశమో చూడకుండా ఖాతా రకం ఎంచుకోకూడదు.

ఫారాల నంబర్లు, సెక్షన్లు ఈ కేసు నాటివి, అంటే 1961 ఆదాయపు పన్ను చట్టం కిందివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి నంబర్లు ఆ కొత్త చట్టం ప్రకారం చూసుకోవాలి. ఫెమా నియమాలకీ ఆ మార్పుకీ సంబంధం లేదు.

ఈ కుటుంబం విషయంలో ఇంకా రెండు పనులు మిగిలాయి. ఒకటి, వసూలు కాని ఆ ప్రాంసరీ నోటు. గడువు తీరేలోగా దావా వెయ్యాలా, వదిలేయాలా అని ఆవిడ ఆలోచిస్తున్నారు, బాకీదారు దూరపు చుట్టం. రెండు, కొబ్బరి తోట. పెద్దాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు, వచ్చే శీతాకాలం ఊరికి రావాలంటున్నారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగి వెళ్లేటప్పుడు ప్రశ్నలు వస్తాయి, రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డుకే ప్రమాదం. అందుకని నాలుగు నెలలకి టిక్కెట్లు చూస్తున్నారు. ఈసారి టిక్కెట్ల డబ్బు ఏ ఖాతా నుంచి కట్టాలో ఆవిడే నాకు చెప్పారు.